బుద్ధిమంతుల ఊరు

ఆ ఆదివారం ఎర్రగుట్లపాడు చర్చిలో పసిపిల్లలకు బాప్తిస్మం. జనవరి చలి ఇంకా తగ్గలేదు. పాస్టరుగారు గిన్నెలోని చల్లటి నీళ్ళను దోసిట్లోకి తీసుకుని, వరసగా తల్లుల చేతుల్లో ఉన్న పిల్లల నెత్తిన పోసుకుంటూ పోయారు. పసివాడి నెత్తిన చన్నీళ్ళు పడితే ఏం చేస్తాడు? చర్చి కప్పు లేచిపోయేలా గుక్కపెడతాడు. తల్లి సిగ్గుపడి కొంగు చాటున పాలివ్వడానికి తంటాలు పడుతుంది, వెనక బెంచీల్లో ముసలమ్మలు నవ్వుకుంటారు. ఎక్కడైనా జరిగేది అదే. ఇక్కడ మాత్రం ఒక్కడూ ఏడవలేదు. ఒకడి తరవాత ఒకడు నీళ్ళు పోయించుకుని, కళ్ళు నిదానంగా మూసి తెరిచి ఊరుకున్నారు.

"మన ఊరి బిడ్డలంత బుద్ధిమంతులు ఈ జిల్లాలో ఉండరమ్మా," అని వెనక నుంచి ఎవరో మురిసిపోయారు.

సలోమి ముందు బెంచీలో కూర్చుని ఉంది. ఆమెకు ఐదో నెల. ఆ మాట ఇదివరకు చాలాసార్లు వింది, తనూ అంది. ఈ రెండేళ్ళలో పుట్టిన పిల్లలు తల్లుల నిద్ర చెడగొట్టరని, ఉయ్యాల ఊపే పనే లేదని, పక్కూళ్ళవాళ్ళు కుళ్ళుకుంటున్నారని చెప్పుకోవడం ఊరికి గొప్పగా ఉండేది. అయితే అన్ని పసిమొహాలను ఒకేసారి పక్కపక్కన చూడడం ఆమెకు ఇదే మొదలు. శిరోమణి కొడుకు నెత్తిన పోసిన నీళ్ళు వాడి కంట్లోకి జారాయి. వాడు తల విదిలించలేదు. నాలిక చివర కొంచెం బయటికి పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా అలా చూస్తూ ఉండిపోయాడు. సలోమి చెయ్యి తనంతట తనే పొట్టమీదికి పోయింది.

అంత భయం ఎందుకంటే, ఆ గిన్నెలో ఉన్నవి ఆమె బాగుచేసిన నీళ్ళు.

ఎర్రగుట్లపాడు నేల కింద నీళ్ళకు కరువు లేదు గానీ అవి నోట్లో పోసుకునే నీళ్ళు కావు. బోరు ఎంత లోతు దింపినా ఫ్లోరైడే. ఆ నీళ్ళు తాగి చిన్నప్పుడే పళ్ళు గారపట్టి, నడివయసుకు మోకాళ్ళు బిగుసుకుపోయి, ఆ తరవాత నడుం వంగిపోయి, మనిషి సగానికి మడిచినట్టు తయారయ్యేవాడు. సలోమి ఆ ఊరికి కోడలిగా వచ్చింది. ఊరి చివర నీళ్ళ ప్రయోగశాలలో రసాయన శాస్త్రం చదివిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె తయారుచేసిన తెల్లటి పొడికి కాగితాల మీద నోరు తిరగని పేరేదో ఉంది, ఊళ్ళోవాళ్ళు తేటపొడి అన్నారు, అదే నిలిచింది. ట్యాంకులో కలిపితే నీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్‌ను పట్టేస్తుంది. అంతవరకు చేసేవి లోకంలో చాలా ఉన్నాయి గానీ, వాటి ఖర్చు ఈ ఊరికి అందలేదు. ఇది అక్కడితో ఆగదు. తాగిన మనిషి ఒంట్లోకి దిగి, ఏళ్ళ తరబడి ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్‌ను కూడా రవ్వ రవ్వగా ఊడబెరికి బయటికి పట్టుకుపోతుంది.

నమ్మనివాళ్ళు ఆమె అత్త దయామణిని చూస్తే చాలు. ఇరవై ఏళ్ళపాటు చేతులు మోకాళ్ళ మీద ఆనించి, నేలను చూసుకుంటూ నడిచిన మనిషి ఆవిడ. తేటపొడి నీళ్ళు వచ్చాక మొదట మెడ లేచింది, తరవాత నడుం లేచింది. ఇప్పుడు చర్చిలో నిటారుగా నిలబడి, అందరి గొంతుల మీద తన గొంతు వినబడేలా కీర్తన పాడుతోంది. కొడుకు కరెంటు ఆఫీసులో లైన్‌మన్. స్తంభం ఎక్కి దిగే వాడికంటే నేనే తిన్నగా ఉన్నానని ఊరంతా చెప్పుకుని తిరుగుతుంది.

ఆ మధ్యాహ్నం దయామణి కోడలికి అన్నం వడ్డించింది. పప్పులో ఉప్పు లేదు. సొరకాయ కూరలో ఉప్పు లేదు. మజ్జిగలో కూడా లేదు.

"ఒక్క చిటికెడు వెయ్యరాదా అత్తా? ముద్ద దిగడంలా."

"ముందు నీ కాళ్ళు చూసుకో. నీరు పట్టి ఎట్టా పొంగినయ్యో. చెప్పులు పడతన్నయ్యా నీకు? ఉప్పు తగిలిందంటే మొహానిక్కూడా ఎక్కుద్ది. కాన్పు దాకా ఓర్చుకో తల్లీ, చప్పిడి తిను."

సలోమి ఎంత చదువుకున్నా, అత్త చెయ్యి అడ్డం పెడితే ఉప్పుడబ్బా లాక్కునే రకం కాదు. పైగా ఇప్పటికి రెండుసార్లు కడుపు నిలవక జారిపోయింది. ఈసారి నిలిచింది. ఈ బిడ్డ కోసం దయామణి ఆమెను కాలు కింద పెట్టనివ్వడం లేదు, తన చేత్తో ముద్దలు కలిపి పెడుతోంది. ఈ మధ్య ఒళ్ళు బరువు, ఎప్పుడూ మబ్బు మబ్బుగా నిద్ర, పట్టపగలు కూడా చలి. అన్నీ కడుపుతో ఉన్నందుకే అనుకుంది. ఇవాళ మాత్రం ఏదో పురుగు తొలుస్తోంది.

"శిరోమణికి కూడా అప్పట్లో కాళ్ళు పొంగినయ్యా అత్తా?"

"పొంగకేం. ఆ పిల్లొక్కదానికేంది, ఈ రెండేళ్ళల్లో కడుపుతో ఉన్న అందరికీ నీరు పట్టింది. నీళ్ళు రుచిగా ఉండేసరికి కుండలు కుండలు తాగుతన్నారు గదా."

"అందరూ చప్పిడే తిన్నారా?"

"తినక? కాళ్ళు నీరు పడితే ఉప్పు మానిపియ్యడం నాకు మా అమ్మ చెప్పింది, మా అమ్మకు వాళ్ళమ్మ చెప్పింది. ఇదేమన్నా కొత్తా?"

సలోమి తింటున్న ముద్దను కంచంలోకే వదిలేసింది. మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి, దానిలోకి చూసి, తాగకుండానే కింద పెట్టింది.

సాయంత్రం శిరోమణి ఇంటికి పోయింది. శిరోమణి వసారాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే పిల్ల, నవ్వు మొహం. పక్కనే చీర ఉయ్యాలలో కొడుకు. మిషను కటకటమంటున్నా వాడికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

"లేపనా అక్కా? పాలకు కూడా నేనే లేపాల. లేకపోతే పొద్దుగూకేదాకా పడుకుంటాడు మహానుభావుడు."

ఏడో నెల పిల్లవాడు. సలోమి ఒళ్ళోకి తీసుకుంటే మెడ వాలిపోయింది. ఒళ్ళు గరుకుగా, చల్లగా తగిలింది. బొడ్డు ఉబ్బి ఉంది. కదిలించినందుకు వాడు ఏడవబోయాడు గానీ ఆ ఏడుపు బొంగురుగా, లోపలెక్కడో గీసుకున్నట్టు వచ్చి ఆగిపోయింది.

"మెడ నిలబడలా ఇంకా. బొద్దుగా ఉండే పిల్లలకు ఆలస్యమవుద్దంట, మా అత్త అంటది."

సలోమి ఎప్పుడో చదువుకునే రోజుల్లో ఇలాంటి పిల్లల బొమ్మలు చూసింది. నేలలో, తిండిలో అయోడిన్ లేని కొండ ప్రాంతాల పిల్లలు. తల్లి ఒంట్లో అయోడిన్ చాలకపోతే గొంతులో ఉండే గ్రంథి పనిచెయ్యదు, అది పనిచెయ్యకపోతే కడుపులో బిడ్డ మెదడు పెరగదు. ఆ పిల్లలు ఏడవరు. ఆకలి అడగరు. చూసేవాళ్ళకు ఎంతో నెమ్మదస్తుల్లా ఉంటారు. ఉప్పులో అయోడిన్ కలపడం మొదలయ్యాక ఆ బాధ తగ్గిందని, పరీక్షకు బట్టీ పట్టి మరిచిపోయిన పాఠం అది. ఆ పాఠం ఇప్పుడు ఆమె ఒళ్ళో పడుకుని ఉంది.

"ఏందక్కా అట్టా చూస్తన్నావ్? మావాడికి ఏమన్నా ఉందా?"

"ఏం లేదు," అంది సలోమి. పిల్లవాడిని తిరిగి ఉయ్యాలలో వేసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటపడింది. భయం మనిషి చేత ఎంత తేలిగ్గా అబద్ధం ఆడిస్తుందో ఆమెకు దారి పొడుగునా తెలుస్తూనే ఉంది.

మర్నాడు ప్రయోగశాలకు పోతూనే వెనక గదిలో ఎలకల పంజరాల ముందు నిలబడింది. తేటపొడి నీళ్ళు తాగిన తల్లి ఎలకలు, వాటి పిల్లలు. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్లాడుకుంటున్నాయి. వీటిని చూసే కదా, కడుపుతో ఉన్నవాళ్ళకు కూడా ఈ నీళ్ళతో ప్రమాదం లేదని తను సంతకం పెట్టింది. కాస్త ఊపిరి పీల్చుకుంది. అంతలో మూల ఉన్న దాణా బస్తా కంటపడింది. ఎలకల కోసం ప్రత్యేకంగా తెప్పించే దాణా. అందులో లేనిది లేదు. అయోడిన్ అయితే మనుషులకు కూడా దొరకనంత.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. పొడి పనితనం చూడాలని, ప్రతి ఎలకకూ ముందు నెలల తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు పట్టి, ఎముకలు బాగా నిండాకే తేటపొడి ఇచ్చారు. ఎముకల్లో ఫ్లోరైడ్ లేని ఎలకకు ఇస్తే ఏమవుతుందో చూడలేదు. చప్పిడి తినే ఎలకకు ఇస్తే ఏమవుతుందో అసలే చూడలేదు. ఎలకకు కాళ్ళు పొంగితే ఉప్పు మానిపించే అత్త ఉండదు మరి.

ప్రయోగశాల అధిపతి చక్రపాణి. పెద్దమనిషి, ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగినవాడు, గొంతు లేపి మాట్లాడి ఎరగడు.

"సార్, పట్టుకోడానికి ఫ్లోరైడ్ దొరకనప్పుడు మన పొడి ఏం చేస్తుంది?" అని అడిగింది సలోమి.

"ఏం చేస్తుందమ్మా, ఊరికే బయటికి పోతుంది."

"పోయిందని మనం చూశామా?"

చక్రపాణి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. సలోమి గబగబా చెప్పింది. ముసలివాళ్ళ ఎముకల నిండా ఫ్లోరైడే, అక్కడ పొడికి చేతినిండా పని. వయసులో ఉన్నవాళ్ళ ఒంట్లో అంత పేరుకుని ఉండదు. ఉన్న కాస్తా ఊడ్చుకున్నాక పని లేని పొడి ఒంట్లో తిరుగుతూ, ఫ్లోరైడ్‌కు దగ్గరి చుట్టమైన అయోడిన్ మీద పడుతోందేమో. పిల్లల సంగతీ చెప్పింది, చప్పిడి సంగతీ చెప్పింది.

ఆయన కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమో అనే మాట మీద ట్యాంకు ఆపమంటారా? ఆపితే మళ్ళీ పాత నీళ్ళే. మా నాన్న పోయినప్పుడు పాడె మీద పడుకోబెట్టడానికి ఒళ్ళు సాగక కూర్చోబెట్టి మోశాం సలోమీ గారూ. అలాంటి చావు ఈ ఊళ్ళో ఇంకొకరికి రాకూడదనే నేను ఈ పనిలో ఉన్నది. కొత్త ఎలకలు తెప్పిద్దాం. చప్పిడి తిండి పెట్టి చూద్దాం. కొన్నాళ్ళు ఆగండి."

"మీరు ఆగగలరు సార్, నేనూ ఆగగలను. నా కడుపులో ఉన్నది ఆగదు. దానికి మెదడు కట్టేది ఇప్పుడే."

ఆయన తల దించుకున్నాడు. సలోమి అల్మారాలోంచి అయోడిన్ చుక్కల సీసా తీసి సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేసింది.

ఇంట్లో దయామణి అన్నం వార్చి గంజి గిన్నెలోకి పడుతోంది. సలోమి రెండు గాజు గ్లాసులు తీసి, రెండింట్లోనూ కాస్త గంజి పోసి, నీళ్ళు కలిపింది. కలిపింది ఊళ్ళో నీళ్ళు కాదు, కొట్లో కొన్న సీసా నీళ్ళు.

"గంజి తాగుతావా ఏంది? తాగు గానీ ఉప్పు మాత్రం అడగొద్దు," అంది దయామణి.

"తాగడానిక్కాదు. ఒక్క నిమిషం ఇట్టా చూడత్తా."

రెండు గ్లాసుల్లోనూ చెరొక అయోడిన్ చుక్క వేసింది. గంజి చిక్కటి నీలిరంగుకు తిరిగింది. దయామణి దగ్గరికి జరిగింది. మొదటి గ్లాసులో సలోమి మళ్ళీ సీసా నీళ్ళే పోసింది. నీలం పలచబడింది గానీ పోలేదు. రెండో గ్లాసులో కుళాయి నీళ్ళు పోసింది. ఇద్దరూ చూస్తుండగానే నీలం అడుగు నుంచి విరిగిపోతూ వచ్చి, గ్లాసంతా మామూలు గంజిలా తెల్లగా అయిపోయింది.

సలోమి గోడ పట్టుకుని పీట మీద కూలబడింది. లోపల ఎక్కడో, ఇలా జరగదులే అన్న ఆశ ఒకటి మిగిలి ఉండేది. అదీ పోయింది.

"ఏందమ్మా ఇది? రంగు యాడికి పోయింది?"

"ఆ రంగు అయోడిన్‌దత్తా. ఉప్పు పాకెట్ మీద రాసి ఉంటది చూడు, అదే. నా పొడి దాన్ని మింగేసింది. గ్లాసులో ఎట్టా మింగిందో మా ఒంట్లో కూడా అట్టాగే మింగతా ఉంది. అది లేకపోతే కడుపులో బిడ్డకు మెదడు పెరగదు. శిరోమణి కొడుకు బుద్ధిమంతుడయ్యి కాదు ఏడవంది. వాడికి ఏడవడం చేతకావడంలా."

దయామణి గ్లాసును చూసింది, కోడలి కాళ్ళను చూసింది.

"మరి ఈ వాపు?"

"నీరు కాదత్తా. అయోడిన్ లేక వచ్చిన వాపు. ఉప్పు బాగా తినుంటే కొంతన్నా మిగిలేదేమో. మనం వాపు చూసి అదీ మానేశాం."

దయామణి పొయ్యి కట్టేసింది. అరలోంచి ఉప్పుడబ్బా తీసుకొచ్చి కోడలి ముందు పెట్టింది.

"నేనే పెట్టినా గదమ్మా. ఒద్దు ఒద్దంటున్నా నా చేత్తో పెట్టినా. ఊళ్ళో అందరికీ నేనే చెప్పినా, చప్పిడి తినండే అని."

"నువ్వు తెలియక పెట్టావు. ఆ పొడి చేసింది నేను, చదువుకుని చేశాను." సలోమి ఉప్పుడబ్బాను దగ్గరికి లాక్కుంది. "భయంగా ఉందత్తా. దీన్ని కూడా పోగొట్టుకుంటానేమోనని కాదు. దక్కినా అట్టా దక్కుద్దేమోనని."

దయామణి ఆమె తలను తన పొట్టకు అదుముకుంది. నిమ్మళంగా అడిగింది.

"పొడి ఆపెయ్యాల్నా?"

"ఆపాలి. ఇప్పుడు ముసలివాళ్ళకు మేలు చేస్తంది గానీ, వాళ్ళ ఎముకలు ఖాళీ అయినాక వాళ్ళ మీద కూడా పడుద్ది."

"ఆపితే నేను మళ్ళీ వంగిపోతానా?"

ఇంకోసారి అబద్ధం ఆడడానికి సలోమికి నోరు రాలేదు. "బోరు నీళ్ళే తాగాల్సి వస్తే, నిదానంగా వంగుద్ది," అంది.

దయామణి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. "వంగి నడవడం నాకు రాని పనేం కాదులే," అని, పప్పులో ఉప్పు వేసి కలపడం మొదలుపెట్టింది.

మర్నాడు మొగుణ్ణి వెంటబెట్టుకుని సలోమి ఒంగోలు పోయింది. రక్తం తీశారు. స్కానింగు గదిలో డాక్టరమ్మ తెర వైపు చూస్తూ చూస్తూ ఒకచోట చెయ్యి ఆపింది. ఆపిన చెయ్యి కదలదు. సలోమి ఆ తెర మీద బూడిదరంగు మచ్చల్లో ఏది తన బిడ్డో పోల్చుకోలేక, డాక్టరమ్మ మొహాన్నే చదువుతూ పడుకుంది.

"బిడ్డ మెడ దగ్గర కొంచెం ఉబ్బు కనబడుతోందమ్మా. మీ రక్తంలో థైరాయిడ్ కూడా బాగా తక్కువగా ఉంది. ఇంత తొందరగా ఎలా కనిపెట్టారు? మామూలుగా అయితే పుట్టాక గానీ తెలిసేది కాదు. మందు ఇవాళే మొదలుపెడదాం, సమయం ఉంది."

"పూర్తిగా బాగవుతుందా?"

"చాలావరకు అవుతుంది. పూర్తిగానా అంటే, మాటలు వచ్చేదాకా నేను చెప్పలేను."

ఆ స్కానింగు బొమ్మను సలోమి తెచ్చి చక్రపాణి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చేత్తో తాకలేదు. పక్కన రెండు గాజు గ్లాసులు పెట్టి, గంజి ఆయన ముందే కలిపి, మళ్ళీ చేసి చూపించింది. పొడిలోనే అయోడిన్ కలిపితేనో అని ఆయన అడగబోయాడు. తెల్లబడిన గ్లాసును చూసి, ఎంత కలిపినా ట్యాంకులోనే మింగేస్తుందని ఆయనకే అర్థమై, మాట మింగేశాడు. పంపు గది తాళం తీసుకుని ముందు తనే లేచాడు.

ఊళ్ళో మాట ఎంత తొందరగా పాకుతుందో చెప్పాలా? వాళ్ళు ట్యాంకు దగ్గరికి చేరేసరికి నడుములు లేచిన ముసలివాళ్ళంతా గేటు ముందు ఉన్నారు. వాళ్ళ వెనక కొంతమంది వయసు తల్లులు కూడా వచ్చారు, భుజాల మీద నిద్రపోతున్న పిల్లలతో. యోహాను అనే పెద్దాయన, ఒకప్పుడు నేల మీద పాక్కుంటూ తిరిగినవాడు, సలోమికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నీ ఒక్కదాని కడుపు కోసం మా అందరి నడుములు విరగ్గొడతావా? నడిచే భాగ్యం ఇచ్చిందీ నువ్వే, లాక్కునేదీ నువ్వేనా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే సలోమికి అంత భయం వేసింది. జనం ఇంకొంచెం దగ్గరికి వచ్చారు. ఎవరో ఆమె సంచి పట్టి లాగారు. దయామణి మధ్యలోకి వచ్చి కోడలికి అడ్డంగా నిలబడింది.

"యోహానన్నా, నేను వంగి ఇరవై ఏళ్ళు బతికినా. నీకంటే నాకు నడుం మీద ఆశ తక్కువేం కాదు. ఈ నడుం ఎట్టా లేచిందో మొన్నటిదాకా తెలవదు, హాయిగా తిరిగినా. ఇప్పుడు తెలిసింది. నువ్వొకసారి వెనక్కి తిరిగి ఆ బిడ్డల్ని చూడు. ఇంత గోలలో ఒక్కడన్నా లేచాడేమో చూసి, అప్పుడు మాట్లాడు."

యోహాను తిరిగి చూశాడు. అందరూ తిరిగి చూశారు. ఆ తల్లుల్లో ఒకామె బిడ్డను భుజం మీంచి దించి, బుగ్గలు తట్టి, పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. వాడు కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. ఆమె ఇంకా గట్టిగా తట్టింది, ఇంకా గట్టిగా పిలిచింది. పక్కనున్న తల్లి కూడా తన బిడ్డను లేపసాగింది. యోహాను పక్కకు తప్పుకున్నాడు. కొంతమంది ఉమ్మేసి పోయారు, కొంతమంది అక్కడే కూలబడ్డారు. పంపు గదిలో పొడి పడే గొట్టాన్ని సలోమి తన చేత్తోనే బిగించి కట్టేసింది.

ఆ తల్లుల్లో శిరోమణి లేదు.

ఎవరో ఒకరు ఈపాటికి చెప్పే ఉంటారు, ఇవాళ వద్దులే, రేపు పోదాం అని సలోమి మనసు వెనక్కి పీకింది. అయినా కాళ్ళీడ్చుకుంటూ పోయింది. దయామణి తోడు వస్తానంటే వద్దంది.

శిరోమణికి ఎవరూ చెప్పలేదు. మిషను మీద జాకెట్టు చేతులు కుడుతోంది. సలోమి నిలబడే చెప్పింది, మొదటి నుంచి చివరిదాకా, ఒక్క ముక్క దాచకుండా. శిరోమణి మిషను తొక్కడం ఆపింది గానీ, గుడ్డ మీంచి చెయ్యి తియ్యలేదు.

"మందేస్తే బాగవుతాడా?"

"మందు రేపట్నుంచే వెయ్యాల. నేనే తీసుకుపోతా ఒంగోలు. ఒళ్ళు పెరుగుద్ది, లేచి కూర్చుంటాడు, నడుస్తాడు. మెదడు మాత్రం... పోయిన నెలలు తిరిగి రావు శిరోమణీ. కొంత వస్తది. ఎంతొస్తదో నేను చెప్పలేను, ఏ డాక్టరూ చెప్పలేడు."

"ఆ రోజు నువ్వొచ్చి ఒళ్ళోకి తీసుకున్నప్పుడే నీకు తెలుసా?"

"అనుమానం వచ్చింది. భయమేసి చెప్పలా."

శిరోమణి కళ్ళు ఆమె పొట్ట మీద నిలిచాయి. ఈ చూపుకే సలోమి దారంతా భయపడుతూ వచ్చింది.

"నీ బిడ్డకు టైముందా అక్కా?"

"ఉందన్నారు."

"మంచిది," అంది శిరోమణి. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే సలోమికి కాస్త తేలిగ్గా ఉండేది.

శిరోమణి లేచి ఉయ్యాల్లోంచి కొడుకును తీసుకుంది. అరికాళ్ళ మీద చిన్నగా కొట్టి లేపి, గోడకు చేరగిలబడి పాలకు పట్టింది. వాడు రెండు గుక్కలు తాగి నిద్రలోకి జారిపోతుంటే మళ్ళీ లేపింది.

"తిట్టు శిరోమణీ. ఏమన్నా అను. ఊరుకోవద్దు," అంది సలోమి.

"నిన్ను తిడితే వీడికేమన్నా వస్తదా?" కొడుకు జుట్టు సవరిస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "వీడు పెద్దోడయ్యాక, నన్ను ఇట్టా చేసిందెవరమ్మా అని అడిగితే ఏం చెప్పమంటావ్?"

"నా పేరు చెప్పు."

శిరోమణి అప్పుడు తలెత్తి చూసింది. కళ్ళనిండా నీళ్ళు.

"అట్టా అడిగేంత తెలివి వీడికి వస్తే, నీ పేరు చెప్పనక్కా. నిన్ను పిలిచి అన్నం పెడతా."